ఆదివారం నడక: ఎర్రమట్టి దిబ్బల నుంచి గోస్తనీ మొగ దాకా

అందరికీ నమస్కారమండి. ఈ ఆదివారం భీమిలి వైపు వెళ్దాం. విశాఖలో 900K నంబరు బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాలి. ఆరున్నరకల్లా అక్కడుంటే ఎండ టెన్షన్ ఉండదు.

ముందు దిబ్బలు చూద్దాం. వేల ఏళ్లపాటు గాలి, నీరు పోగేసిన ఇసుక అది. వాన కోసిన పాయల్లో పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. దయచేసి గట్ల మీదికి ఎక్కొద్దు, చెయ్యి ఆనిస్తేనే రాలిపోయే మట్టి అది. పిల్లలకు ముందే చెప్పి తీసుకురండి.

అక్కడి నుంచి రోడ్డు దాటి ఒడ్డుకు దిగి, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని భీమిలి దాకా నడవడమే. తడి ఇసుక మీద నడిస్తే కాలు దిగబడదు, పెద్దవాళ్లకు కూడా సులువు. అల వెనక్కి వెళ్లినప్పుడు ఒకసారి వంగి చూడండి, ఇసుకలో నల్లటి చారలు తేలతాయి. అది ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజం. తేలిక ఇసుకను అల లాక్కుపోతే ఇది మిగిలిపోతుంది. ఆరబెట్టిన వలలు కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్దాం, తొక్కొద్దు.

చివర గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, అదే మొగ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చిన నది గోస్తనీ. చూడ్డానికి ప్రశాంతంగా ఉన్నా మొగ దగ్గర లాగుడు ఎక్కువ, ఎవరూ నీళ్లలోకి దిగకండి.

టోపీ, లీటరు నీళ్లు తప్పనిసరి. టిఫిన్ భీమిలిలోనే. వచ్చేవాళ్లు శుక్రవారం సాయంత్రంలోగా పేరు పెట్టండి.