అడ్వా చిత్రం పైభాగం కోసేస్తే తేదీ పోతుంది

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో, ఇటలీ సేనను ఇథియోపియా ఓడించిన అడ్వా యుద్ధంపై ఇథియోపియా వారు గీసిన చిత్రం చూసి సంతోషించాం. కానీ రెండు కాలమ్‌లలో ఇమడ్చడానికి దాని పైభాగం కోసేశారు. కింద వ్యాఖ్యలో, చిత్రకారుడికి ముఖాలు గీయడం రాదన్నట్టు రాశారు. రెండూ సరిదిద్దాలి.

కోతలో పోయింది తెల్లగుర్రం మీది క్రైస్తవ సాధువు సెయింట్ జార్జి, ఆయన చుట్టూ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వలయం. అది ఈ చిత్రంలో తేదీ ముద్ర లాంటిది. యుద్ధం జరిగిన 1896 మార్చి 1, ఇథియోపియా పంచాంగంలో యెకతిత్ 23. అక్కడ ప్రతి నెలా 23వ రోజు సెయింట్ జార్జిని స్మరించుకునే రోజు.

ఇక ముఖాలు. అక్కడి సంప్రదాయంలో తమవాళ్లను ఎదురుగా, రెండు పెద్ద కళ్లతో గీస్తారు. శత్రువును పక్కవాటుగా గీస్తారు. ఇటలీ సైనికుడి టోపీ కింద ఒక్క కన్నే కనబడేది అందుకే. మన తోలుబొమ్మల్లో రాముడు కూడా పక్కవాటుగానే ఉంటాడు కాబట్టి, ఆ అలవాటుతో చూస్తే ఈ గుర్తు అందదు. గొడుగు నీడలో మెనెలిక్ చక్రవర్తి, గుర్రంపై రివాల్వర్‌తో తాయిటు మహారాణి ఉంటారు. ఆ రివాల్వర్ ఊరికే పెట్టింది కాదు. అంతకు ముందు మెకెలే కోట ముట్టడిలో ఇటలీ దళానికి నీళ్లు అందకుండా చేయించిన ఘనత ఆమెదే అంటారు.

ఇలాంటి చిత్రాలు చాలావాటిలో రెండు సేనలూ మైదానంలోలా ఎదురెదురుగా నిలబడతాయి. నిజానికి ఇటలీని ముంచింది కొండలే. ఫిబ్రవరి 29 రాత్రి ఇటలీ సేనాపతి జనరల్ బరాతియేరి సుమారు 17 వేల మందిని, 56 ఫిరంగులను వేర్వేరు దారుల్లో నడిపించాడు. చేతిలో ఉన్న చిత్తుపటంలో కిదానె మెహ్రెత్ కొండ పేరు వేరే కొండకు పడింది. ఎడమవైపు దళాన్ని నడిపిన జనరల్ అల్బెర్తోనే అసలు కొండను వెతుక్కుంటూ మిగతా దళాలకు కొన్ని కిలోమీటర్లు ముందుకు పోయాడు. తెల్లారేసరికి ఒకరికొకరు సాయపడలేనంత ఎడం. లక్షకు దగ్గరగా ఉన్న ఇథియోపియా సేన వాళ్లను విడివిడిగా చుట్టేసింది. ఫిరంగులన్నీ పోయాయి.

అందుకే చిత్రం పక్కన చిన్న భూపటం కూడా వేయండి. చిత్రాన్ని పూర్తిగా, కనీసం నాలుగు కాలమ్‌ల వెడల్పున వేయండి. అంతకంటే చిన్నదైతే ఆ కళ్లు మసకైపోతాయి.

విశాఖ పిల్లలు మన్యం పోరాటం గీసేటప్పుడు కూడా, ఇలా నేల తీరును చూడడం పనికొస్తుంది. 1922 సెప్టెంబరులో దామనపల్లి ఘాటు అనే కొండదారిలో అల్లూరి దళం కాపుకాసి ఇద్దరు బ్రిటిష్ అధికారులను కాల్చింది. పోటీల్లో వచ్చే బొమ్మల్లో సీతారామరాజు విల్లు తప్ప ఘాటు కనిపించదు. ముందు దారి గీయమనండి: ఇరుకు బాట, పైన పొదలు, కింద వరుసగా నడిచే పోలీసులు. రాజును ఎక్కడ నిలబెట్టాలో ఆ తర్వాత వాళ్లకే తెలుస్తుంది.

— చిత్రలేఖన ఉపాధ్యాయులు, విశాఖపట్నం