మొక్కతో పాటే పురుగూ దిగుతోంది

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు జిల్లా తీరప్రాంతంలోని మా పల్లెల్లో కొబ్బరి కింది మట్టలు నల్లగా మసిబారిపోతుంటే, అదేదో తెగులనుకొని చాలామంది దుకాణంలో ఇచ్చిన బూజు మందు కొట్టిస్తున్నారు. ఆ నలుపు చెట్టుకు వచ్చిన అసలు జబ్బు కాదు. ఆకు అడుగున చేరిన సర్పిలాకార తెల్లదోమ అనే చిన్న పురుగు రసం పీల్చి విసర్జించే తియ్యటి జిగురు మీద పెరిగే బూజు అది. ఒక మట్టను కోసి కిందికి దించి, ఆకును తిరగేసి చూస్తే పిండితో ముగ్గు పెట్టినట్లు చుట్లు చుట్లుగా తెల్లటి మైనపు పొడి, దాని మధ్య గుడ్లు, పిల్ల పురుగులు కనబడతాయి. ఆ జిగురు చెట్టు కింద ఉన్న జామ, అరటి ఆకుల మీదా, చెట్టు నీడన నిలిపిన మోటార్‌సైకిల్ సీటు మీదా రాలి వేలికి అంటుకుంటుంది. మసి కమ్మిన ఆకుకు ఎండ అందక చెట్టు నీరసిస్తుంది.

ఈ దోమ మనది కాదు. మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఈ పురుగు మన దేశంలో తొలిసారిగా 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో కనిపించింది. కొద్దికాలానికే కేరళ, కర్ణాటకలతో పాటు మన గోదావరి జిల్లాలకూ పాకింది. దోమకు రెక్కలున్న మాట నిజమే గానీ, అంతంత దూరాలకు వేగంగా చేరడానికి దానికి బాగా అక్కరకొచ్చింది మొక్కల రవాణా. నర్సరీ నుంచి లారీలో దిగే కొబ్బరి మొలక, అలంకరణ కోసం తెచ్చే పామ్ మొక్క, అరటి పిలక, వీటిలో ఏ ఆకు అడుగున గుడ్లున్నా అది కొత్త ఊరికి చేరినట్లే.

ఇలా బయటి నుంచి పురుగు రావడం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు కొత్త అనుభవం కూడా కాదు. ప్రకాశం జిల్లా రైతులు కాగితపు మిల్లుల కోసం పెంచే సుబాబుల్ మీద పడే పేనులాంటి రసం పీల్చే పురుగు 1988లో దేశంలోకి ప్రవేశించింది. జామాయిల్ లేత ఆకుల ఈనెల మీద, కాడల మీద బుడిపెలు కట్టించే చిన్న కందిరీగ ఆస్ట్రేలియా నుంచి వచ్చి, ఈ శతాబ్దం మొదట్లో దక్షిణాది తోటలను పట్టి పీడించింది. 2008లో కోయంబత్తూరు వైపు బయటపడిన బొప్పాయి పిండినల్లి సంగతి మాత్రం వేరు. ఎన్ని మందులు కొట్టినా లొంగని ఆ పురుగు, 2010లో విదేశాల నుంచి తెప్పించి తోటల్లో వదిలిన పరాన్నజీవి కందిరీగలతో అదుపులోకి వచ్చింది. మందు డబ్బా ఒక్కటే దారి అనుకునేవారు ఈ ఉదాహరణను గమనించాలి.

తెల్లదోమకూ అటువంటి శత్రువు ఉంది. ఎన్‌కార్సియా అనే కంటికి సరిగా ఆనని కందిరీగ దోమ పిల్ల పురుగుల్లో గుడ్డు పెట్టి వాటిని చంపుతుంది. అలా చచ్చిన పిల్లలు నల్లగా మారి, వాటి మీద గుండ్రటి చిల్లు కనిపిస్తుంది. అలాంటి ఆకులను కోసి తగలబెట్టకుండా, కందిరీగ ఇంకా చేరని తోటల్లో కట్టమని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఘాటైన రసాయన మందులు కొడితే ముందు చచ్చేది ఈ కందిరీగే. ఆ తర్వాత దోమ ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. దాని బదులు ఆకుల అడుగుకు తగిలేలా నీళ్లు గట్టిగా చిమ్మడం, పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కొద్దిగా సబ్బు కలిపి చల్లడం, దోమను చంపే ఐసేరియా అనే మిత్ర శిలీంధ్రాన్ని వాడడం మేలు. ఎత్తైన చెట్లకు ఇవి అంత సులువు కాదని ఒప్పుకోవాలి. అందుకే ఒక్కో రైతు విడివిడిగా కాక ఊరంతా కలిసి పవర్ స్ప్రేయర్‌తో చేసుకుంటేనే ఫలితం ఉంటుంది. భారీ వానలకు దోమ తగ్గుతుంది గానీ, మన జిల్లాకు అటువంటి వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు తర్వాతే వస్తాయి కనుక, ఎండలు ముదరకముందే ఈ పని మొదలుపెట్టడం మంచిది.

అసలు అడ్డుకట్ట మాత్రం మొక్కలు అమ్మే చోట పడాలి. విదేశాల నుంచి వచ్చే మొక్కలకు 2003 నాటి క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. రాష్ట్రంలోని నర్సరీల నమోదుకు, నియంత్రణకు 2010లో చట్టం వచ్చింది. అయినా ఇళ్ల స్థలాల వెంచర్లకు, రోడ్ల పక్కన నాటడానికి, వన మహోత్సవాలకు లారీల్లో వచ్చే మొక్కల ఆకు తిరగేసి చూసేవారు మా ప్రాంతంలో నాకు కనిపించలేదు. నాటిన మొక్కల లెక్క మీద ఉన్న శ్రద్ధ వాటితో ఏం వచ్చిందన్న దానిమీద లేదు. ఉద్యానశాఖ అధికారులు ప్రభుత్వ కార్యక్రమాలకు కొనే ప్రతి లోడునూ దించకముందే పరిశీలించి, పురుగు ఉన్నదాన్ని వెనక్కు పంపాలి. పురుగు లేదన్న ధ్రువపత్రాన్ని కొనుగోలు షరతుల్లో చేర్చాలి. అలాగే కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో కొబ్బరి తెల్లదోమ మీద జరిగిన పనిని మన రైతు సేవా కేంద్రాల సిబ్బందికి నేర్పించి, మిత్ర శిలీంధ్రం ఎండాకాలానికి ముందే మండలాల్లో దొరికేలా చూడాలని మనవి.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా