ఫ్యాక్టర్ ఇస్తే సరిపోదు, ఇన్హిబిటర్ పరీక్ష కూడా చేయాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా. అది ఉన్న పిల్లలకు ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫ్యాక్టర్ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్) ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. మోకాలు వాచిన పిల్లవాడికి ప్లాస్మా ఎక్కించి, ఐసు పెట్టి, దేవుడి మీద భారం వేసిన రోజులు చూసినవాణ్ణి కాబట్టి ఈ మార్పు విలువ నాకు తెలుసు. అయితే ఇంజెక్షన్ ఇచ్చినా రక్తం ఆగని పిల్లలున్నారు. ఈ లేఖ వారి గురించి.

హీమోఫీలియా 'ఎ' తీవ్రంగా ఉన్నవారి రక్తంలో ఎనిమిదో ఫ్యాక్టర్ ఒక శాతం కూడా ఉండదు. శరీరం ఎన్నడూ ఎరగని ఆ ప్రోటీన్‌ను బయటి నుంచి ఎక్కించినప్పుడు, కొందరి రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా లెక్కగట్టి యాంటీబాడీలు తయారుచేస్తుంది. వాటినే ఇన్హిబిటర్లు అంటారు. తీవ్రమైన 'ఎ' రకం ఉన్నవారిలో సుమారు 25 నుంచి 30 శాతం మందికి ఇవి ఏదో ఒక దశలో వస్తాయి. తొమ్మిదో ఫ్యాక్టర్ లోపించే 'బి' రకంలో తక్కువ మందికే వస్తాయి, కానీ వచ్చినవారికి ఇంజెక్షన్‌తో ప్రాణాల మీదికి తెచ్చే అలర్జీ కూడా రావచ్చు.

ఈ ముప్పు ఎక్కువగా ఫ్యాక్టర్ తీసుకున్న మొదటి 50 రోజుల్లో ఉంటుంది. క్యాలెండరు రోజులు కావు, ఇంజెక్షన్ పడిన రోజులు. క్రమం తప్పకుండా మందు తీసుకునే దేశాల్లో ఆ 50 రోజులు కొద్ది నెలల్లో గడిచిపోతాయి. దెబ్బ తగిలినప్పుడో, కీలు వాచినప్పుడో మాత్రమే ఆసుపత్రికి వచ్చే మన పిల్లలకు అవి పూర్తికావడానికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ కనిపెట్టుకుని ఉండాల్సిందే.

మా చెల్లెలి మనవడి విషయంలో జరిగింది చెబుతాను. మోకాలి వాపు తగ్గకపోతే డోసు పెంచారు. మళ్లీ పెంచారు. పిల్లవాణ్ణి కదలకుండా పడుకోబెట్టడం లేదని తల్లినే మందలించారు. చాలా ఆలస్యంగా పెద్ద ఆసుపత్రిలో పరీక్ష చేస్తే ఇన్హిబిటర్ 5 బెథెస్డా యూనిట్లు (ఇన్హిబిటర్ బలాన్ని కొలిచే ప్రమాణం) దాటి ఉంది. ఆ స్థాయిలో ఎనిమిదో ఫ్యాక్టర్ ఎన్ని సీసాలు ఎక్కించినా నిలవదు. పైగా ఎక్కించిన కొద్దీ యాంటీబాడీలు ఇంకా పెరగవచ్చు. ఆ మోకాలు ఇక పూర్తిగా చాపుకోలేదు. ఆ తల్లిని అన్న మాటలు తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ల్యాబులో ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిగా చెబుతున్నాను, అనుమానాన్ని పసిగట్టే పరీక్ష జిల్లా ఆసుపత్రిలో చేయలేనిది కాదు. ఫ్యాక్టర్ సీసా తెరవకముందే నీలం మూత సిట్రేట్ ట్యూబులోకి రక్తం తీయాలి. రోగి ప్లాస్మాను, ఆరోగ్యవంతుల ప్లాస్మాను సమపాళ్లలో కలిపి ఏపీటీటీ, అంటే గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్ష, చూడాలి. ఉన్నది ఫ్యాక్టర్ లోపమే అయితే గడ్డకట్టే సమయం మామూలు స్థాయికి వస్తుంది. ఇన్హిబిటర్ ఉంటే రాదు. కానీ ఎనిమిదో ఫ్యాక్టర్ మీద వచ్చే ఇన్హిబిటర్ నెమ్మదిగా పనిచేస్తుంది. కలిపిన వెంటనే చూస్తే అంతా సరిగానే ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ మిశ్రమాన్ని 37 డిగ్రీల వాటర్‌బాత్‌లో రెండు గంటలు ఉంచి మళ్లీ చూడాలి. తొందరలో వదిలేసేది ఈ రెండు గంటలనే. ఫలితం తేడాగా ఉన్నా, మందు పనిచేయడం లేదన్న అనుమానం మిగిలినా, ప్లాస్మాను ఫ్రీజ్ చేసి, ఇన్హిబిటర్‌ను కొలిచే బెథెస్డా పరీక్షకు బోధనాసుపత్రికి పంపవచ్చు. రోగిని బస్సు ఎక్కించనవసరం లేదు.

ఇంకొక అపోహ గురించి కూడా చెప్పాలి. హీమోఫీలియా ఉన్నవారికి రోగనిరోధక శక్తి తక్కువని, వారికి టీకాలు పడవని కొందరు నమ్ముతారు. 1982 జులైలో అమెరికాలో ముగ్గురు హీమోఫీలియా రోగులకు అరుదైన న్యుమోనియా వచ్చిన సంగతి బయటపడింది. ఆ తర్వాత, పైకి బాగానే ఉన్న రోగుల్లోనూ రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి కణాల నిష్పత్తి తలకిందులైనట్టు గమనించారు. వేలమంది దాతల ప్లాస్మా కలిపి చేసిన మందుతో పాటు హెచ్ఐవీ కూడా వారి ఒంట్లోకి వెళ్లింది. బ్రిటన్‌లో ఆ ఘోరంపై విచారణ నివేదిక 2024 మేలో గానీ రాలేదు. అది కలుషితమైన మందు చేసిన కీడు, హీమోఫీలియా స్వభావం కాదు. ఈ పిల్లలకు టీకాలన్నీ వేయించాలి. వీలైన టీకాను కండలోకి కాకుండా చర్మం కింద సన్నని సూదితో వేసి, కొన్ని నిమిషాలు అదిమి పట్టుకుంటే చాలు.

ఇన్హిబిటర్ ఉన్నవారికి దారులు ఉన్నాయి. ఎనిమిదో ఫ్యాక్టర్‌తో పనిలేకుండా రక్తాన్ని గడ్డకట్టించే బైపాస్ మందులున్నాయి. చర్మం కింద ఇచ్చే ఎమిసిజుమాబ్‌ను ఈ యాంటీబాడీలు అడ్డుకోలేవు, అది రక్తస్రావాలను బాగా తగ్గిస్తుంది. కానీ మొదలైన రక్తస్రావాన్ని ఆపడానికి అది చాలదు, అప్పుడు బైపాస్ మందే కావాలి. ఎమిసిజుమాబ్ వాడేవారి ఏపీటీటీ మామూలుగా కనిపించినా దాన్ని నమ్మకూడదన్నది ప్రతి ల్యాబుకూ తెలియాలి. ఈ మందులు ఖరీదైనవే. పనిచేయని ఫ్యాక్టర్‌ను నెలల తరబడి ఎక్కించడానికి అయ్యే ఖర్చును కూడా అధికారులు లెక్క వేయాలి.

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను కోరేది ఇదే. ఫ్యాక్టర్ ఇచ్చే ప్రతిచోటా రోగి పుస్తకంలో ఇంజెక్షన్ పడిన రోజులు వరుసగా రాయాలి. మొదటి 50 రోజులు పూర్తయ్యేలోగా పలుమార్లు, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి, ఏ శస్త్రచికిత్సకైనా ముందు తప్పనిసరిగా ఇన్హిబిటర్ పరీక్ష చేయాలి. ప్రతి బోధనాసుపత్రిలో బైపాస్ మందు నిల్వ ఉండాలి. అర్ధరాత్రి తలలో రక్తస్రావంతో పిల్లవాణ్ణి తెచ్చినప్పుడు, ఇండెంటు పెట్టి తెప్పించేంత వ్యవధి ఉండదు.

— విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, ఏలూరు