ఈ అప్పు ఏ నిమిత్తం?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఒంగోలు దగ్గర పల్లెలో పుట్టి పెరిగినదాన్ని. 23 ఏళ్లుగా అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉంటున్నాను. పొద్దున్నే కాఫీ కలుపుకుని మీ ఈ-పేపర్ తెరవడం అలవాటు. తరచూ ఒక వార్త కనబడుతుంది: మంగళవారం రిజర్వ్ బ్యాంకు వేలంలో ప్రభుత్వం ఇన్ని వేల కోట్ల అప్పు తెచ్చింది అని. ఆంధ్రా అయినా, తెలంగాణ అయినా, ఏ పార్టీ ఉన్నా ఇదే వరస. ఎన్నేళ్లకో రాస్తారు, ఎంత వడ్డీకో రాస్తారు. దేనికోసమో మాత్రం ఉండదు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం.

మా నాన్న పొగాకు రైతు. ఒక ఏడాది గాలివానకు పొగాకు ఆకు ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్, దెబ్బతింటే ఊళ్లో ఒకాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చాడు. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని నోటు నాతోనే రాయించారు. వసారాలో చాప మీద కూర్చుని, ఆయన చెబుతుంటే రాశాను: "నా పొగాకు బ్యారన్ మరమ్మతుల నిమిత్తం మీ వద్ద ఈ దినమున బదులు పుచ్చుకొన్న రొక్కము..." కింద రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద నాన్న సంతకం పెట్టాడు. నెల తిరక్కుండానే మా పెదనాన్న కూతురి పెళ్లికి డబ్బు తక్కువైంది. అందులోంచి సర్దమని అడిగితే నాన్న, "బ్యారన్‌కని రాసిచ్చాను అన్నయ్యా" అన్నాడు. పెదనాన్నకు కోపం వచ్చింది. బ్యారన్ మాత్రం ఆ సీజన్‌కే లేచింది.

2019 నవంబరులో ఇక్కడి లైబ్రరీలో ఓటు వేయడానికి వెళ్లినప్పుడు నాకు ఆ నోటు గుర్తొచ్చింది. ఆ రోజు ఓటు మనుషులకు కాదు, రాజ్యాంగ సవరణలకు. మొత్తం 10 ప్రశ్నలు. ఆరోది టెక్సాస్ ప్రభుత్వం నడిపే కాన్సర్ పరిశోధన సంస్థ గురించి: దానికోసం రాష్ట్రం బాండ్లు అమ్మి తెచ్చుకునే అప్పు పరిమితిని ఇంకో 300 కోట్ల డాలర్లు పెంచవచ్చా, వద్దా? 1876 నాటి టెక్సాస్ రాజ్యాంగం అప్పుల విషయంలో చాలా కట్టుదిట్టం. ఇంత అప్పు చేయాలంటే జనాన్ని అడగాల్సిందే. మొదటి 300 కోట్ల డాలర్లకు 2007లోనే ఓటు పెట్టారు, నూటికి 61 మంది సరేనన్నారు.

మా అక్క ఒంగోలులో రొమ్ము కాన్సర్‌తో పోయి అప్పటికి మూడేళ్లు. గడ్డ చేతికి తగిలేదాకా ఒక్కసారి కూడా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకోలేదు. తీయించుకోమని చెప్పిన మనిషీ లేదు. ఈ సంస్థ నిధుల్లో నూటికి పది దాకా నివారణకు, ముందస్తు పరీక్షలకు ఖర్చు పెట్టవచ్చు. అయినా వెంటనే 'సరే' నొక్కలేదు. వడ్డీతో సహా తీర్చేది మేమే కదా. ఇక్కడ రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు. చెప్పుల జత కొన్నా 8.25 శాతం సేల్స్ టాక్స్ కడతాం, అందులో రాష్ట్రం వాటా 6.25. నా వెనక క్యూ లేదు కాబట్టి ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని, ఆలోచించుకుని నొక్కాను. నూటికి 64 మంది ఒప్పుకున్నారు.

అడిగి తెచ్చిన డబ్బు కదా అని అంతా సవ్యంగా జరిగిందని అనను. 2012లో, శాస్త్రీయ సమీక్ష లేకుండా డబ్బు ఇచ్చేస్తున్నారని ఆ సంస్థ ప్రధాన శాస్త్రవేత్త, నోబెల్ గ్రహీత ఆల్ఫ్రెడ్ గిల్మన్ వదిలి వెళ్లిపోయారు. ఆ ఏడాది చివర్లో, పెలోటన్ అనే డాలస్ కంపెనీకి 1.1 కోట్ల డాలర్లు సమీక్షే లేకుండా ఇచ్చినట్టు బయటపడింది. కొత్త గ్రాంట్లు ఆపేశారు, 2013లో చట్టం మార్చారు. అదే కంపెనీలో పుట్టిన కిడ్నీ కాన్సర్ మందుకు 2021లో అనుమతి వచ్చింది. మందు మంచిదని తేలినంత మాత్రాన ఆ రోజు చేసిన పని ఒప్పైపోదని నా అభిప్రాయం. కానీ 'కాన్సర్ పరిశోధన నిమిత్తం' అని రాసి ఉంది కాబట్టే, ఆ డబ్బు గురించి అంత గట్టిగా నిలదీయగలిగారు. 2018లో నోబెల్ అందుకున్న కాన్సర్ పరిశోధకుడు జేమ్స్ అలిసన్‌ను 2012లో న్యూయార్క్ నుంచి హ్యూస్టన్‌కు రప్పించిందీ ఈ డబ్బు సాయంతోనే. ఆయన నోబెల్ పరిశోధన అంతకుముందే కాలిఫోర్నియాలో జరిగింది, ఆ గొప్ప టెక్సాస్‌ది కాదు.

కాలిఫోర్నియాలో ఇంకా నయం. 2020లో మూలకణాల పరిశోధనకు 550 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటు పెట్టినప్పుడు, వడ్డీతో కలిపి సుమారు 780 కోట్లవుతుందని ఓటర్ల పుస్తకంలో ముందే అచ్చేసి ఇంటింటికీ పంపారు. అది నూటికి 51 మంది ఓట్లతో గట్టెక్కింది. మా టెక్సాస్ బ్యాలెట్‌లో వడ్డీ ఊసే లేదు. అది నాకు నచ్చలేదు. ఇంకా బాధాకరం ఏమిటంటే, 2019లో ఓటు వేసింది నమోదైన వాళ్లలో నూటికి 13 మంది కూడా లేరు. ఇక్కడ పౌరసత్వం ఉన్న మనవాళ్లు ప్రెసిడెంట్ ఎన్నికలకు సెలవు పెట్టి మరీ వెళ్తారు. అప్పుకు ఓటున్న నవంబరులో ఇల్లు కదలరు. డాలస్ చుట్టుపక్కల మీ పేపర్ చదివేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు ఇది చేరాలి.

మన రాజ్యాంగంలో ఇలాంటి ప్రజాభిప్రాయ ఓటు లేదని నాకు తెలుసు. 293వ అధికరణం కింద రాష్ట్రం అప్పు చేస్తుంది, రాష్ట్రం కేంద్రానికి బాకీ ఉంటే కేంద్రం సమ్మతి కావాలి. ఓటు పెట్టమని నేను అడగడం లేదు. పరిశోధనకనో, పరిశ్రమకనో, ఆస్పత్రికనో తెచ్చే అప్పుకు ఆ పేరు పెట్టి, ఏటా ఎంత ఖర్చయిందో శాసనసభ ముందు పెట్టమంటున్నాను. జీతాలకే తెస్తే జీతాలకని చెప్పమనండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. వచ్చే మంగళవారం వేలం వార్త రాసేటప్పుడు ఆర్థిక శాఖకు ఫోన్ చేసి 'ఏ నిమిత్తం' అని అడగండి. చెబితే వేయండి. చెప్పకపోతే, అడిగితే చెప్పలేదని వేయండి. బుధవారం నేను ఎదురుచూస్తుంటాను.

— ఒక పాఠకురాలు,
ఇర్వింగ్, టెక్సాస్