బహురూపి కిలోకి 8 రూపాయలు పెరుగుతోంది, నవార ఈ ఏడాది లేదు

మా దగ్గర బియ్యం తీసుకునే అందరికీ నమస్కారం.

మేం అమ్మే దేశీ వరి రకాల్లో బహురూపి, మైసూర్ మల్లిగ ధర ఫిబ్రవరి నుంచి పెంచుతున్నాం. కిలో 96 ఉన్నది 104 అవుతుంది. కుజిపటాలియా నిరుటి వడ్లు ఇంకా ఉన్నాయి, అవి అయిపోయేదాకా పాత ధరకే ఇస్తాం. నవార మాత్రం ఈ ఏడాది ఇవ్వలేం.

"తుపాను వల్లా?" అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. కొంత అదీ ఉంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మా నరసాపురం దగ్గర్లోనే తీరం దాటింది. దేశీ రకాలు ఏపుగా పెరుగుతాయి. గింజ గట్టిపడే వేళ గాలి కొడితే చేను చాప పరిచినట్టు పడిపోతుంది. బహురూపి అలాగే పడింది, మిషన్‌తో కాకుండా మనుషుల్ని పెట్టి కోయించాల్సి వచ్చింది. కానీ నవార పోయింది గాలికి కాదు, కౌలుకి.

మాకు నవార పండించే బాబాయికి సొంత పొలం లేదు. నాలుగేళ్లుగా ఒకే ఎకరంన్నర కౌలుకు చేశారు. దాళ్వా (రబీ) కోత అవగానే పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగు చల్లి, పూత దశలో దున్ని దమ్ములో కలిపేసేవారు. పశువుల ఎరువు కొని తోలించేవారు. మొదట్లో ఆ మడిలో మన్ను ఆరితే రాయిలా ఉండేది, గునపం దిగేది కాదు. నాలుగో ఏడు వచ్చేసరికి గడ్డను చేతిలో పెట్టుకుని నలిపితే పొడైపోయేది, గట్టు వారన తవ్వితే వానపాములు కనిపించేవి. నిరుడు మేలో ఆసామి, అంటే పొలం యజమాని, ఆ పొలాన్ని రొయ్యల చెరువుకి ఇచ్చేశారు. పొక్లెయిన్ వచ్చి, బాబాయి అంత కష్టపడి బాగుచేసుకున్న పైమట్టినే తీసి చెరువు గట్లకు పోసింది.

ఆ ఆసామిని నేను తప్పు పట్టను. పొలానికి రెండు వైపులా అప్పటికే చెరువులు పడ్డాయి. వాటి ఉప్పు ఊటకి వరి అంచుల్లో ఎర్రబారడం మొదలైంది. చెరువు వాళ్లిచ్చే కౌలు వరి కౌలు కంటే చాలా ఎక్కువ, పైగా డబ్బు ముందే చేతిలో పెడతారు. బాబాయికీ ఆయనకీ మధ్య కాగితం లేదు, ఏటా నోటిమాటే. మాట మారడానికి ఒక్క ఫోన్ చాలు.

కౌలు లెక్క కూడా చెప్పాలి, ధర పెంచింది ఎక్కువగా దాని వల్లే కాబట్టి. మా రైతులు రెండు పంటలకీ కలిపి ఎకరానికి 28 బస్తాలు కౌలు కొలుస్తున్నారు. 75 కిలోల బస్తా 2025-26 మద్దతు ధర ప్రకారం 1,777 రూపాయలు. అంటే కౌలే దాదాపు 50 వేలు. సార్వాలో (ఖరీఫ్‌లో) స్వర్ణ రకం వేసుకుంటే 30 బస్తాల దాకా రావచ్చు. బహురూపి 18 వస్తే బాగా వచ్చినట్టే. ఆ తేడా మేం ధరలో ఇవ్వకపోతే దేశీ రకం వేయమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? అందుకే బస్తాకి నిరుడు 2,800 ఇచ్చిన చోట ఈసారి 3,100 ఇచ్చాం. బస్తా ఆడిస్తే మాకు 48, 50 కిలోల బియ్యం వస్తాయి కాబట్టి, పెంచిన 8 రూపాయల్లో 6 అక్కడికే పోతాయి. మిగతా 2 రూపాయలు కౌలు అడ్వాన్సుల కోసం. వచ్చే ఏటి కౌలులో సగం మేమే సంక్రాంతికి ఆసాములకు కట్టేశాం, పొలం మళ్లీ అదే రైతు చేతిలో ఉండాలని. ఆ అడ్వాన్సుల కోసం మీ దగ్గర ముందు డబ్బు అడగడం లేదు.

"సంచి మీద ఆర్గానిక్ అని ఎందుకు వేయరు, సర్టిఫికెట్ చూపించండి" అని అడిగే వాళ్లున్నారు. అడగడం న్యాయమే. జాతీయ సేంద్రియ ప్రమాణాల ప్రకారం వరి లాంటి పంటలకు పొలం కనీసం రెండేళ్లు రసాయనాలకు దూరంగా ఉండాలి. ఆ లెక్క పొలానిది, మనిషిది కాదు. ఏటా పొలం మారే కౌలు రైతు ఎంత నిజాయితీగా చేసినా మళ్లీ మొదటికే వస్తాడు. మా బియ్యంలో ఎక్కువ భాగం కౌలు రైతులదే. కాబట్టి ఏ చేనుకి ఎన్నేళ్లుగా మందులు కొట్టలేదో అదే సంచి మీద రాస్తున్నాం. నవారకి కొత్త చేను దొరికింది గానీ అది మొన్నటి దాకా యూరియా తిన్న పొలం. ఆ పంట వచ్చినప్పుడు "మొదటి ఏడు" అనే రాస్తాం.

ఇక మీలో చాలామందికి నేరుగా సంబంధించిన విషయం. పార్సిల్ అడ్రసులు హైదరాబాద్, బెంగళూరువే అయినా, మాట్లాడుతుంటే తెలుస్తుంది: తాతల నాటి రెండెకరాలో మూడెకరాలో మీకు ఇక్కడే ఉన్నాయి, ఎవరో కౌలుకు చేస్తున్నారు. దయచేసి వాళ్లకి సీసీఆర్సీ కార్డు, అంటే పంట సాగుదారు హక్కు కార్డు, రానివ్వండి. దానికి మీ సంతకం కావాలి.

భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 1956 కౌలుదారీ చట్టం కౌలుదారుకి గట్టి రక్షణ ఇచ్చింది. రాసిస్తే పొలం పోతుందన్న మాట అప్పటి నుంచి ఇళ్లలో ఉండిపోయింది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం వేరు. ఒప్పందం 11 నెలలకే, హక్కు పంట మీదే. భూమి మీద మీ హక్కుకి ఏమీ కాదని చట్టంలోనే ఉంది. మీ పాస్‌బుక్ మీద మీరే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు అదే పొలానికి రెండోసారి ఇవ్వదు, అది నిజమైన చిక్కే. అయినా కార్డు ఉంటే పంట నమోదు, నష్టపరిహారం పండించిన మనిషి పేరున అడగడానికి ఆధారం ఉంటుంది. మొంథా తర్వాత మా రైతుల్లో కార్డు లేనివాళ్లు పడిన టెన్షన్ చూశాను. చేను వాళ్లది మునిగింది, జాబితాలో పేరు ఆసామిది. సకాలంలో కట్టేవాళ్లకి పంట రుణం ఏడాదికి 4 శాతం వడ్డీకి వస్తుంది. వీళ్లు నూటికి నెలకి రెండు, మూడు రూపాయల వడ్డీకి బయట తెస్తున్నారు, అంటే ఏడాదికి 24 నుంచి 36 శాతం.

నన్నడిగితే ఆసామి సంతకంతో పని లేకుండా, చేలోకి వచ్చి చూసి కార్డు ఇవ్వాలి. ఆసామి హక్కు చెక్కుచెదరకుండా మూడు, నాలుగేళ్ల కౌలు రాసుకునే వీలుండాలి. ఆ దారి చూపుతూ 2016లో నీతి ఆయోగ్ ఒక నమూనా చట్టం కూడా రాసి రాష్ట్రాలకు ఇచ్చింది. అలాంటి చట్టం వచ్చేదాకా మేం మూడేళ్ల మాట తీసుకుని, 11 నెలల కాగితం ఏటా తిరగరాసుకుంటున్నాం.

మీ పొలం మా చుట్టుపక్కల ఉంటే, కార్డు విషయంలో అనుమానాలుంటే ఆర్డరు నంబరుకే ఫోన్ చేయండి. ఒప్పంద పత్రం నమూనా తెలుగులో పంపిస్తాను, గ్రామ సచివాలయంలో ఎవరిని కలవాలో చెబుతాను. ఇప్పటికే డబ్బు కట్టిన ఆర్డర్లన్నీ పాత ధరకే వెళ్తాయి. నవారకి కట్టినవాళ్లకి ఈ వారంలో డబ్బు వెనక్కి వేస్తాం, బదులుగా కుజిపటాలియా కావాలంటే ఒక మెసేజ్ పెట్టండి.