లంకలో ఇంటికి రౌటర్ కొనే ముందు

ప్రియమైన బావా,

లంకలో తోట మధ్య కట్టుకున్న ఇంటికి ఇంకా కరెంటు స్తంభం రాలేదనీ, సోలార్ మీదే నెట్ నడపాలనీ, దానికి ఏ రౌటర్ కొనమంటావనీ అడిగావు. దుకాణంలో ఎవరైనా ముందు వేగం గురించీ, యాంటెన్నాల సంఖ్య గురించీ చెబుతారు. నువ్వు మాత్రం రౌటర్‌ను తిరగేసి, అడుగున అంటించిన చీటీలో ఎన్ని వోల్టులని రాసి ఉందో చూడు.

ఏటి అవతలి గట్టు మీది టవర్ సిగ్నల్ కొబ్బరి మట్టల పైకి వెళ్తే గాని అందదు కాబట్టి, సిమ్ వేసే రౌటర్ ఇనప గొట్టం చివర ఉండాలి. బ్యాటరీ మాత్రం వసారాలోనే ఉంటుంది. ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో డేటాతోపాటు కరెంటునూ పైకి పంపే పీఓఈ పద్ధతి నీకు పనికొచ్చేది ఇందుకే.

ఇన్వర్టర్ పెట్టి, దానికి మామూలు అడాప్టర్ తగిలించే పని మాత్రం చెయ్యకు. మొదటి ఏడాది నేను చేసింది అదే. ఆరు వాట్ల రౌటర్ రోజుకు 144 వాట్ అవర్లు తింటే, ఏ పనీ లేకపోయినా పది వాట్లు లాగే నా ఇన్వర్టర్ 240 తినేది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారకముందే బ్యాటరీ చేతులెత్తేసేది.

పీఓఈలో రెండు రకాలున్నాయి. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం సుమారు 48 వోల్టులతో పనిచేస్తుంది. అవతలి పరికరంలో 25 కిలో ఓమ్‌ల గుర్తింపు నిరోధం ఉందో లేదో తడిమి చూశాకే కరెంటు వదులుతుంది. మైక్రోటిక్, యుబిక్విటీ సంస్థల కొన్ని మోడళ్లలో కనిపించే 24 వోల్టుల పాసివ్ పద్ధతికి ఆ విచక్షణ లేదు, ఎదుట ఏది ఉన్నా తోసేస్తుంది. అందువల్ల కేబుల్‌లోకి అలా కరెంటు ఎక్కించే పరికరం, అంటే ఇంజెక్టర్, నుంచి వచ్చే తీగను పొరపాటున కూడా ల్యాప్‌టాప్‌కు పెట్టకు.

బ్యాటరీ 12 వోల్టులదే కదా, నేరుగా పంపేద్దామని నీకు తోచవచ్చు. మా గొట్టానికి కేబుల్ 40 మీటర్లు పట్టింది. అంత దూరంలో ఆరు వాట్ల రౌటర్‌కు 12 వోల్టులు పంపితే దారిలోనే రెండు వోల్టులకు పైగా పోతాయి, 24 పంపితే ఒక్కటే పోతుంది. రాత్రి బ్యాటరీ పదకొండున్నర వోల్టులకు దిగినప్పుడు ఆ తేడా ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి కింద ఒక చిన్న డీసీ కన్వర్టర్‌తో 24కు పెంచి, ఆ వోల్టేజీని స్వీకరించే రౌటర్ తీసుకో. తరవాత కెమెరాలు కూడా పెట్టే ఆలోచన ఉంటే మాత్రం మొదటే 48 వోల్టుల ప్రమాణానికి వెళ్లడం మేలు.

కేబుల్ దగ్గర నేను మోసపోయాను. రాగి అని చెప్పి అమ్మిన తీగను ఇంటికొచ్చి బ్లేడుతో గీస్తే, పైన ఎర్రటి పూత, లోపల తెల్లటి అల్యూమినియం! దాని నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది, పైగా మన ఉప్పుగాలికి కొసలు త్వరగా పాడవుతాయి. నువ్వు కొట్లోనే గీసి చూడు. రౌటర్ ఉన్న పెట్టెలోకి వెళ్లే ముందు కేబుల్‌ను కాస్త కిందికి వేలాడేలా వదిలితే వాన నీరు లోపలికి జారదు. గొట్టానికి ఎర్త్ చేయించు, ఉరుములు మొదలైతే వసారాలో కేబుల్ ఊడదీసెయ్యి.

వసారా నుంచి గొట్టం చివరికి ఎన్ని మీటర్లో తాడుతో కొలిచి రాయి. అది తెలిసేదాకా ఏదీ కొనకు.

నీ స్నేహితుడు