మా వైపు లేని లాయరు గారికి కూడా

తమ్ముడి కేసులో ఆదుకున్నవాళ్లకు పేరుపేరునా దండం పెట్టాలని ఉంది. విచారణ ఇంకా నడుస్తోంది కాబట్టి పేర్లు రాయను.

తమ్ముడు గుంటూరులో ఒక పెద్దాయన దగ్గర ఆరేళ్లు డ్రైవరుగా చేశాడు. ఒక రాత్రి వాళ్లబ్బాయి నడుపుతున్న కారు బైకును గుద్దింది. బైకు మీదాయన పోయారు. తెల్లారకముందే మా ఇంటికి కబురొచ్చింది: "మీవాడే నడిపాడని చెప్పమనండి. లాయర్ని మేమే పెడతాం, ఇల్లు మేం చూసుకుంటాం." ఆరేళ్లు వాళ్ల ఉప్పు తిన్నాం. అమ్మ సగం ఒప్పేసుకుంది కూడా. ఈ నేరానికి ఐపీసీలో రెండేళ్లున్న శిక్ష కొత్త చట్టంలో ఐదేళ్ల దాకా పెరిగిందని ఆ కబురు తెచ్చినాయన చెప్పలేదు.

వాళ్ల లాయరు గారి ఆఫీసుకు నేనూ వెళ్లాను. ఆయన తమ్ముణ్ని నాలుగు ప్రశ్నలడిగి వకాల్తా కాగితం పక్కన పెట్టేశారు. "నేను వాళ్ల లాయర్ని బాబూ. నీ మంచీ వాళ్ల మంచీ ఒకటి కాదు. ఇద్దరి వకాల్తా నేను తీసుకోను. నీకంటూ వేరే లాయర్ని పెట్టుకో." అంతే, ఇంకొక్క ముక్క చెప్పలేదు. పెద్దాయన మొహం మాడిపోయింది.

నేను 15100కి ఫోన్ చేశాను. కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ వాళ్లు పైసా ఫీజు లేకుండా ఒక లాయరు మేడమ్‌ను ఇచ్చారు. ఆదాయం తక్కువున్నవాళ్ల కోసం 1987లోనే ఆ చట్టం చేశారట! మేడమే స్టేషనుకు వెంట వచ్చారు, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించారు.

తర్వాత అదే పెద్ద లాయరు అబ్బాయికి బెయిలు తెచ్చారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో తమ్ముడికి రెండు గంటలు చెమటలు పట్టించారు. కోర్టు మెట్ల మీదే నోరు పారేసుకున్నాను, అంత తెలిసినాయన ఈ కేసు ఎందుకు పట్టాలని. "నిందితుడు తప్పు చేశాడని తనకు అనిపించినా లాయరు నిలబడాల్సిందే, బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది" అన్నారు మేడమ్. ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసు గురించీ చెప్పారు. 1999లో ఆరుగురు పోయిన కేసు. నిందితుడి లాయరు ఆర్.కె. ఆనంద్ ఒక సాక్షిని తిప్పుకోబోతూ 2007లో టీవీ వాళ్ల రహస్య కెమెరాకు చిక్కారు. హైకోర్టు ఆయన్ను కోర్టు ధిక్కారం కింద దోషిగా తేల్చి నాలుగు నెలలు వాదించకుండా నిషేధించింది. 2009లో సుప్రీంకోర్టు కూడా ఆయన దోషే అంది.

ఈయన సాక్షుల జోలికి పోలేదు. అడగాల్సిందంతా జడ్జి ముందే అడిగారు. అయినా నాకు పూర్తిగా మింగుడు పడలేదు. అలాంటి లాయరు కూలివాడికి దొరుకుతాడా?

మేడమ్‌కు, ఆ రోజు ఫోనెత్తిన అమ్మాయికి, వాయిదాలన్నిటికీ సెలవిస్తున్న తమ్ముడి కొత్త యజమానికి చాలా చాలా కృతజ్ఞతలు. పోయినాయన భార్య ఒక్క వాయిదా తప్పలేదు. ఆవిడ ముందు మాది కష్టమే కాదు.

మొన్న వరండాలో ఆ లాయరు గారు కనిపిస్తే తమ్ముడు నమస్కారం పెడదామని లేచాడు. మేడమ్ చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. "నువ్వు సాక్షివి, ఆయన అవతలి లాయరు. కేసు అయ్యేదాకా ఆగు." వాడి తరఫున ఆ నమస్కారం ఇక్కడ పెడుతున్నాను.